ఫొటో మీద నాన్న చేతిరాత: ఇంట్లో ప్రింటు తీసిన ట్రాన్స్‌పరెన్సీ షీట్లతో చేసిన ఆల్బమ్, ఒక కేస్ స్టడీ

నేను స్క్రాప్‌బుక్ ఆల్బమ్‌లు తయారుచేసి ఇస్తాను. ఇక్కడ రాస్తున్నది 20 పేజీల ఒక ఆల్బమ్ గురించి, అందులోనూ పారదర్శకమైన షీటు మీద ఇంట్లోనే ప్రింటు తీసి ఫొటోల మీద అమర్చిన 7 పేజీల గురించి. మిగతా 13 పేజీలకు పట్టిన కాలం కంటే ఈ ఏడింటికి పట్టిన కాలమే ఎక్కువ. అందులో సగం నా పొరపాట్లను దిద్దుకోవడానికే పోయింది. అందువల్ల కుదిరిన వాటితో పాటు చెడిపోయిన షీట్లను కూడా, అవి ఎందుకు చెడిపోయాయో చెబుతూ, వరుసగా రాస్తున్నాను.

అడిగిన పని

పని అప్పగించినావిడ అరవై దాటిన విశ్రాంత ఉపాధ్యాయురాలు. ఆమె హాస్టల్‌లో ఉండి చదువుకున్న రోజుల్లో తండ్రి రాసిన ఉత్తరాలను ఒక కట్టగా దాచుకున్నారు. వాటితో పాటు ఆయన నలుపు తెలుపు ఫొటోలు పదిహేను దాకా ఉన్నాయి. “ఉత్తరాన్ని ఫొటో పక్కన అతికించొద్దమ్మా. నాన్న రాత ఫొటో మీదనే ఉండాలి, కాని కింద మొహం కనబడాలి” అన్నారు. ఇంకొక కోరిక కూడా కోరారు: కావాలనుకున్నప్పుడు రాతను పక్కకు ఎత్తి, ఫొటోను ఒట్టిగా చూసుకునే వీలుండాలి.

ఈ రెండో కోరిక వల్లే ఫొటోనూ రాతనూ కంప్యూటర్లో కలిపి ఒకే కాగితం మీద ప్రింటు తీసే సులువైన దారి మూసుకుపోయింది. రాత విడిగా ఒక పారదర్శక షీటు మీద ఉండాలి. షీటు ఒక అంచున మాత్రమే కట్టుబడి, తలుపు రెక్కలా తెరుచుకోవాలి. అసలు ఫొటోలనూ అసలు ఉత్తరాలనూ ఆల్బమ్‌లో వాడబోనని, వాటి నకళ్ళే వాడతానని నేను ముందుగానే చెప్పాను. ఆమె కాస్త చిన్నబుచ్చుకున్నా ఒప్పుకున్నారు. ఆ మాట మీద నిలబడటం ఎంత మంచిదైందో చివర్లో తెలుస్తుంది.

ఏ షీటు, ఏ ప్రింటర్

ట్రాన్స్‌పరెన్సీ షీట్లను వాడుకలో ఓహెచ్‌పీ షీట్లు అంటాం; తరగతి గదుల్లో ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్ మీద పెట్టి చూపించడానికి వాడినవే ఇవి. ఈనాడు దొరికే వాటిలో ఎక్కువ భాగం పాలియెస్టర్ షీట్లు, మందం సుమారు 100 మైక్రాన్లు. చూపుకు అన్నీ ఒకేలా ఉంటాయి గాని, పనిలో వాటి మధ్య చాలా తేడా ఉంటుంది. ఇంక్‌జెట్ కోసం చేసిన షీటుకు ఒక వైపు సిరాను పీల్చుకునే కోటింగ్ ఉంటుంది. లేజర్ ప్రింటర్, జిరాక్స్ యంత్రాల కోసం చేసిన షీటుకు సిరాను పీల్చే గుణం ఉండదు, వేడిని తట్టుకునే గుణం ఉంటుంది. పెన్నుతో రాసుకోవడానికి మాత్రమే పనికొచ్చే మూడో రకం కూడా ఉంది. అది ఏ ప్రింటర్‌లోకీ పోకూడదు.

నా బీరువాలో పైపెట్టె చిరిగిపోయిన పాత కట్ట ఒకటి ఉంది. కొత్తవి కొనడం ఎందుకని దానిలోంచే ఒక షీటు తీసి ఇంక్‌జెట్ ప్రింటర్‌లో పెట్టాను. బయటికి వచ్చిన షీటు మీద సిరా తామరాకు మీద నీటిలా బొట్లు బొట్లుగా నిలిచింది. ఆరుతుందిలే అని రాత్రంతా వదిలేశాను. పొద్దున వేలు తగిలించగానే “చిరంజీవి” అన్న మాట గీతలా సాగిపోయింది. అది లేజర్ షీటు. ఇంక్‌జెట్ సిరాలో నీటితో పాటు, నాజిల్ (సిరా చిమ్మే సన్న రంధ్రం) ఎండిపోకుండా ఉండటానికి గ్లైకాల్ జాతి ద్రవాలు కలుపుతారు. నీరు గాలిలో కలిసిపోయినా ఇవి అంత తొందరగా పోవు. కాగితమైనా కోటింగైనా వాటిని తనలోకి తీసుకుంటుంది. ఒట్టి పాలియెస్టర్‌కు ఆ శక్తి లేదు కాబట్టి ఎన్నాళ్ళుంచినా సిరా తడిగానే కూర్చుంటుంది.

ఇంక్‌జెట్ షీటు తెచ్చుకున్నాక కూడా కోటింగ్ ఏ వైపుందో చూసుకోవాలి. వెలుతురుకు వాలుగా పట్టుకుంటే ఒక ముఖం కొంచెం మసకగా కనిపిస్తుంది. అనుమానం తీరకపోతే, తర్వాత కత్తిరించి పారేయబోయే మూలను రెండు వైపులా కాస్త తడిపిన వేలికొసతో తాకాలి. జిగటగా పట్టుకునేదే కోటింగ్ వైపు. మధ్యలో ఎక్కడా ఒట్టి చేతితో తాకకూడదు, ఎందుకంటే కోటింగ్ మీద పడిన వేలిముద్ర తుడిస్తే పోదు, దాని మీద పడ్డ సిరా కూడా ఆ ముద్ర ఆకారంలోనే ఆరుతుంది.

లేజర్‌ను కూడా పరీక్షించాను, ఈసారి ఆ పాత కట్టను దానికి తగిన చోటనే వాడి. గీతలు కత్తితో గీసినంత పదునుగా వచ్చాయి. టోనర్ (లేజర్ ప్రింటర్ వాడే పొడి సిరా) నీటికి చెదరదు, ఆరబెట్టాల్సిన పని లేదు. అయితే లేజర్ ప్రింటర్ బూడిదరంగును చిన్న చిన్న నల్ల చుక్కల గుంపుగా వేస్తుంది. చేతిరాతలో కలం ఒత్తిడి తగ్గిన చోట సిరా పలచబడే తీరు ఆ చుక్కల్లో పోయింది. రాత అచ్చు అక్షరంలా బిగుసుకుపోయింది. పైగా టోనర్ షీటు లోపలికి ఇంకదు, పైనే కరిగి అతుక్కుంటుంది కాబట్టి, పదేపదే ఎత్తి దించే రెక్క వంగిన చోట పొలుసుగా రాలే ప్రమాదం ఉంది. అందుకని లేజర్‌ను తేదీలు, ఊరి పేర్లు ఉన్న చిన్న శీర్షికలకు పరిమితం చేసి, ఉత్తరాలన్నిటినీ ఇంక్‌జెట్‌తో తీయాలని నిర్ణయించాను.

ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. ఇంక్‌జెట్ షీటును లేజర్ ప్రింటర్‌లో పెట్టడం షీటుకే కాదు, ప్రింటర్‌కే చేటు. టోనర్‌ను కరిగించే ఫ్యూజర్ దాదాపు 200 డిగ్రీల సెల్సియస్ వేడి మీద పనిచేస్తుంది. ఆ వేడికి ఇంక్‌జెట్ కోటింగ్ మెత్తబడి రోలర్‌కు అంటుకుంటుంది. అసిటేట్ అనే మరో ప్లాస్టిక్‌తో చేసిన షీటైతే తానే మెలికలు తిరిగి రోలర్‌కు చుట్టుకుంటుంది.

ఉత్తరాన్ని కాగితం నుంచి విడదీయడం

ఈ కేసులో అసలు పని ఇదే. మొదటి నమూనాగా ఉత్తరాన్ని మామూలుగా స్కాన్ చేసి, ఏ మార్పూ లేకుండా షీటు మీద ప్రింటు తీసి, ఫొటో మీద పరిచి ఆమెకు చూపించాను. ఆమె కాసేపు చూసి, “రాత బాగుంది గాని, నాన్న మొహం మీద ఈ పచ్చకామెర్లేమిటమ్మా?” అన్నారు. నవ్వు వచ్చినా మాట నిజమే. స్కానర్ దృష్టిలో రాతా కాగితమూ రెండూ చిత్రమే. కాలంతో పసుపెక్కిన కాగితం రంగు కూడా సిరాగా మారి షీటంతా పలచటి పసుపు పొరలా పరుచుకుంది.

తెల్ల కాగితం మీద ప్రింటు తీసి అలవాటైన చేతికి ఇక్కడ ఒక సంగతి పట్టుబడటానికి సమయం పడుతుంది. ఇంటి ప్రింటర్‌లో తెల్ల సిరా ఉండదు. కాగితం మీద మనం తెలుపు అనుకునేది ప్రింటర్ ఏమీ వేయకుండా వదిలేసిన చోటు. షీటు మీద ఆ వదిలేసిన చోటు కిటికీ అవుతుంది. కాబట్టి ఫొటో కనిపించాల్సిన ప్రతి చోటా చిత్రంలో అచ్చమైన తెలుపే ఉండాలి. తెలుపుకు దగ్గరగా ఉంటే చాలదు. చిత్రంలో ప్రతి చుక్క వెలుతురుకు 0 నుంచి 255 దాకా ఒక అంకె ఉంటుంది; 255 అంటే పూర్తి తెలుపు. 248 దగ్గర ఉన్న చోటును కంటికి చూపిస్తే ఎవరైనా తెలుపే అంటారు, కాగితం మీద కూడా తేడా తెలియదు. షీటు మీద మాత్రం ప్రింటర్ అక్కడ అరుదుగా చల్లిన చుక్కలు దుమ్ములా, కడగని కిటికీ అద్దంలా కనిపిస్తాయి.

ఉత్తరాలు నీలి సిరాతో, పలచటి కాగితం మీద, రెండు వైపులా రాసినవి. స్కానర్ మూతకు లోపలి వైపు తెల్లగా ఉంటుంది. కాగితం గుండా వెళ్ళిన వెలుతురును అది తిరిగి వెనక్కి పంపడం వల్ల వెనక పక్క రాత కూడా ముందుకు తేలుతుంది. ఉత్తరం వెనక నల్లటి కార్డు పెట్టి స్కాన్ చేస్తే కాగితం మొత్తం కొంత మబ్బుగా వచ్చినా, వెనక రాత చాలావరకు అణిగిపోతుంది.

600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు), రంగుల్లోనే స్కాన్ చేశాను. చివరికి కావలసింది ఒకే రంగు రాత కదా, నలుపు తెలుపులో తీసుకుంటే సరిపోదా అని అనిపించవచ్చు. రంగుల్లో తీసుకోవడానికి కారణం ఛానెళ్ళు. రంగు చిత్రంలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు ఛానెళ్ళుంటాయి. పసుపెక్కిన కాగితం ఎరుపు వెలుతురును బాగా తిప్పికొడుతుంది, నీలి సిరా అదే ఎరుపును మింగేస్తుంది. కాబట్టి రెడ్ ఛానెల్‌ను మాత్రమే తెరిచి చూస్తే కాగితం దాదాపు తెల్లగా, రాత బాగా నల్లగా ఉంటుంది. నీలం ఛానెల్‌లో దీనికి సరిగ్గా తలకిందులు: కాగితం నల్లబడుతుంది, రాత వెలిసిపోతుంది. రెడ్ ఛానెల్‌ను ఉంచుకుని తక్కిన రెండింటినీ పక్కన పెట్టడంతోనే ఒక ఉత్తరం మీద ఉన్న గోధుమరంగు మరక కూడా చాలావరకు మాయమైంది. మరక కూడా పసుపు, ఎరుపుల కుటుంబానిదే కదా.

ఆ తర్వాత లెవెల్స్‌లో (చిత్రంలో నలుపు, తెలుపుల హద్దులను సర్దే సాధనం) తెల్ల బిందువును లోపలికి జరుపుతూ, కాగితం ఉన్న చోటంతా 255కు చేరేదాకా తీసుకువెళ్ళాను. ఇక్కడ ఆశపడి ఎక్కువ జరిపితే సన్న గీతలు చచ్చిపోతాయి. ఒక ఉత్తరానికి తొందరపడి థ్రెషోల్డ్ వాడాను. అది ప్రతి చుక్కనూ నలుపో తెలుపో ఏదో ఒకటి చేసేస్తుంది. ఆయన “క్షేమం” అని రాసేటప్పుడు క్షకారం తోక చివర సన్నగా పైకి లేచి పై వరుసను తాకీతాకనట్టు ఆగుతుంది. థ్రెషోల్డ్ తర్వాత ఆ తోక మూడు ముక్కలైంది, తలకట్లు కొన్ని అక్షరాల మీద నుంచి ఊడిపోయాయి, ఒత్తులు చుక్కలుగా మిగిలాయి. ఆ ఫైలును పారేసి, బూడిద ఛాయలన్నీ ఉంచుతూ లెవెల్స్‌తోనే మళ్ళీ చేశాను. మిగిలిన మచ్చలను తెల్ల బ్రష్‌తో ఒక్కొక్కటిగా తుడవడానికి ఒక్కో ఉత్తరానికి దాదాపు గంట పట్టింది. ఈ గంటను తగ్గించే ఉపాయం నాకు ఇప్పటికీ కనిపించలేదు.

రాతకు ముదురు గోధుమరంగు ఇచ్చాను. అసలు నీలిరంగులోనే ఉంచి చూస్తే నలుపు తెలుపు ఫొటో మీద అది ఎవరో తర్వాత గీసినట్టు అనిపించింది. ఈ నిర్ణయం ఆమెకు చెప్పే చేశాను.

నల్లకోటు పేజీ

ఐదో పేజీలో ఆయన నల్లకోటు వేసుకుని కుర్చీలో కూర్చున్న ఫొటో ఉంది. ఆమె ఎంచుకున్న వాక్యాలు సరిగ్గా ఆ కోటు మీదుగా సాగాలి. షీటు పరిచి చూస్తే వాక్యం కాలర్ దాకా వచ్చి, కోటులో మునిగి, అవతలి భుజం దగ్గర తేలింది. షీటు మీది సిరా కింద ఉన్నదాన్ని ఇంకా నల్లగా చేయగలదు తప్ప తెల్లగా చేయలేదు.

“అక్కడ తెల్లక్షరాలు వేయలేవా?” అని ఆమె అడిగారు. వేయడానికి ఒక మార్గం ఉంది: షీటు పై ముఖం మీద తెల్ల పెయింట్ పెన్నుతో అక్షరాల వెంబడి గీయడం. మూడు మాటలకు గీసి చూశాను కూడా. దూరం నుంచి బాగానే ఉంది. దగ్గరగా చూస్తే అది నా చేతిరాత. ఆయన కలం తిరిగిన వేగం అందులో లేదు. శీర్షికకో పువ్వు బొమ్మకో అయితే ఈ పద్ధతికి నాకు అభ్యంతరం లేదు గాని, తండ్రి రాత కోసమే చేయించుకుంటున్న పేజీలో నా రాతను ఆయనదిగా పెట్టడం సరికాదనిపించి మానేశాను.

రాత కింద పలచటి వెల్లం కాగితపు పట్టీ పెట్టడం రెండో మార్గం. పాలకాగితం లాంటి ఆ పట్టీ మీద రాత చక్కగా కనిపించింది, కాని కోటుకు కట్టు కట్టినట్టయింది. చివరికి రాతను వదిలి ఫొటో నకలునే మార్చాను. కర్వ్స్ అనే వెలుతురు సర్దే సాధనంలో నీడలను పైకి ఎత్తి, కోటు నలుపును నడిమి బూడిదరంగు దాకా తెచ్చి, మొహమూ చేతులూ ఉన్న భాగాన్ని మాస్క్ వేసి తాకకుండా ఉంచాను. అప్పుడు ముదురు గోధుమ రాత కోటు మీద స్పష్టంగా నిలిచింది. షీటు ఎత్తి చూసినప్పుడు కోటు కాస్త వెలిసినట్టుంటుంది. పాత ఫొటోకు అది అంత వింతగా అనిపించదు.

ఈ పేజీ నేర్పిన పద్ధతిని మిగతా పేజీలకు ముందే వాడాను. కంప్యూటర్లో ఫొటో పొర మీద రాత పొరను పెట్టి, పై పొరను మల్టిప్లై మోడ్‌లోకి మారిస్తే తెలుపంతా మాయమై, రాత కింది రంగుతో కలిసి ముదురుతుంది. షీటు పేజీ మీద చేసే పని కూడా సరిగ్గా అదే. ఈ నమూనాలో కనిపించని అక్షరం షీటు మీద కూడా కనిపించదు. రాత ఎక్కడ పడాలో ఇలా తెర మీద చూసుకునే అలవాటు మొదటి రోజు నుంచే ఉండి ఉంటే, వృథా అయిన 9 షీట్లలో కనీసం 4 మిగిలేవి.

ప్రింటు తీయడం

షీటుకు ఏ ముఖం పైకి ఉండాలన్నది ప్రింటుకు ముందే తేల్చుకోవాలి. సిరా ముఖం పైకి ఉంటే చూసేవారి వేళ్ళు దానికే తగులుతాయి, కోటింగ్ మసక కనిపిస్తుంది. సిరా కిందికి ఉంటే నునుపైన ముఖం పైకి వచ్చి గాజులా కాపాడుతుంది, కాని ప్రింటును అద్దంలో చూసినట్టు తిప్పి తీయాలి. నేను రెండోదాన్నే ఎంచుకున్నాను. మొదటి షీటు మామూలుగానే, తిరగకుండా వచ్చింది. సెట్టింగ్ పనిచేయలేదనుకుని రెండోసారి తీస్తే మళ్ళీ అంతే. చివరికి తెలిసిందేమిటంటే, ఫైలును నేనే ముందురోజు తిప్పి దాచాను, ప్రింటర్ సెట్టింగ్‌లో ట్రాన్స్‌పరెన్సీ ఎంచుకోగానే అది తనంతట తాను మరోసారి తిప్పింది. రెండు తిప్పులూ కలిసి ఒకదాన్నొకటి రద్దు చేసుకున్నాయి. అప్పటి నుంచి ఫైళ్ళను ఎప్పుడూ సూటిగానే దాచి, తిప్పడాన్ని ప్రింటర్‌కే వదిలేస్తున్నాను.

కొన్ని ప్రింటర్లు పారదర్శక షీటును గుర్తించక “పేపర్ లేదు” అని ఆగిపోతాయి, ఎందుకంటే వాటి సెన్సర్ కాగితం మీద పడి తిరిగివచ్చే వెలుతురు కోసం చూస్తుంది. కొన్ని ఇంక్‌జెట్ షీట్లకు అంచున తెల్ల పట్టీ వచ్చేది ఇందుకే. నావాటికి ఆ పట్టీ లేకపోవడంతో, ముందుగా లోపలికి వెళ్ళే అంచుకు సెంటీమీటరు వెడల్పు పేపర్ టేపు అతికించాను. షీట్లను ఒక్కొక్కటిగానే పెట్టాలి. కట్టగా పెడితే స్థిర విద్యుత్తు వల్ల రెండేసి కలిసి పోతాయి. నాణ్యత అత్యధికం, సిరా సాంద్రత మామూలు కంటే రెండు మెట్లు తక్కువ. సాంద్రత తగ్గించకపోతే దట్టమైన చోట సిరా మడుగు కట్టి, బయటికి లాగే పళ్ళచక్రాల గుర్తులు దాని మీద వరుస చుక్కలుగా పడతాయి. ప్రింటు వచ్చాక దుమ్ము పడకుండా మూత ఉన్న వెడల్పాటి పెట్టెలో, దేనికీ తగలకుండా, 24 గంటలు ఉంచాను.

పేజీకి బిగించడం

ఆల్బమ్ పేజీ 12 అంగుళాల చదరం, అంటే సుమారు 305 మిల్లీమీటర్లు. ఏ4 షీటు 210 × 297 మిల్లీమీటర్లు కాబట్టి ఒక్క షీటు పేజీని కప్పదు. ఆరు పేజీల్లో రాత ఫొటో మేరకే ఉండేలా చూసుకోవడంతో ఇబ్బంది రాలేదు. ఒక్క పేజీలో మాత్రం రెండు షీట్లను 5 మిల్లీమీటర్లు ఒకదానిమీదొకటి వచ్చేలా పెట్టి, ఆ అతుకును కార్డ్‌స్టాక్ (మందపాటి కాగితం) పట్టీ కింద దాచాను.

పారదర్శక షీటుకు జిగురు పెద్ద శత్రువు. ఏ జిగురైనా కనిపిస్తుంది. తడి జిగురైతే కోటింగ్‌లోని సిరాను కూడా కరిగిస్తుంది. కాబట్టి జిగురు తగిలే ప్రతి చోటా దాని మీద కాగితమో మరేదైనా అడ్డో ఉండాలి. మొదట కుట్టుమిషన్‌తో పై అంచు కుట్టాను. చూడటానికి ఎంతో బాగుంది. కుట్టు పొడవు 2 మిల్లీమీటర్లు పెట్టడంతో, నాలుగుసార్లు ఎత్తి దించేసరికి సూది రంధ్రాల వెంబడి తపాలా బిళ్ళ చిరిగినట్టు చిరిగింది. పాలియెస్టర్ మామూలుగా చేతితో చింపితే చిరగదు గాని, ఒకసారి గంటు పడితే అక్కడి నుంచి సులువుగా సాగిపోతుంది. కుట్టును 4 మిల్లీమీటర్లకు పెంచినా రెక్కలా తెరిచే పేజీకి నమ్మకం చాలక, పై అంచును పొడి డబుల్ సైడ్ టేపుతో పట్టి, పైన కార్డ్‌స్టాక్ పట్టీ వేసి, రెండు చివర్లా గుండ్రటి రంధ్రాలు కొట్టి బ్రాడ్లు (వెనక కాళ్ళు విడదీసి వంచే చిన్న లోహపు పిన్నులు) బిగించాను.

నాలుగు అంచులూ అతికించమని సలహా ఇచ్చేవారున్నారు. రెక్క అవసరం లేకపోయినా నేను ఆ పని చేయను. తేమ పెరిగితే కాగితం వ్యాకోచిస్తుంది, పాలియెస్టర్ దాదాపు కదలదు. నాలుగు వైపులా బంధిస్తే ఆ రెంటి పెనుగులాటలో పేజీ ఉబ్బుతుంది. పై అంచు ఒక్కటే బిగించి, కింది మూలలను ఫొటో కార్నర్లలో వదులుగా దోపాను.

ఎనిమిది నెలల తర్వాత

ఆల్బమ్ ఇచ్చిన ఎనిమిది నెలలకు ఆమె ఫోన్ చేశారు. మూడో పేజీలో ఫొటో మీద తడి పడ్డట్టు మచ్చలున్నాయని, షీటు ఎత్తితే చిరచిరమని చప్పుడు చేస్తోందని చెప్పారు. తెప్పించి చూశాను. నీటి చుక్క ఎక్కడా పడలేదు. షీటు సిరా ముఖం, నిగనిగలాడే ఫొటో ముఖం ఒకదానికొకటి అంటుకుని, అంటుకున్న చోటల్లా ముదురుగా, నూనె మరకలా కనిపిస్తున్నాయి. వాటి చుట్టూ ఇంద్రధనుస్సు రంగుల సన్నటి వలయాలు. నునుపైన రెండు తలాల మధ్య అతిపలచటి గాలిపొర ఉన్నప్పుడు వచ్చే న్యూటన్ వలయాలు అవి. ఆల్బమ్‌ను అల్మరాలో పడుకోబెట్టి, మీద బరువైన పుస్తకాలు పేర్చారట. ఆ నెలల్లో గాలిలో తేమ కూడా ఎక్కువే. సిరాను పీల్చే కోటింగ్ గాలిలోని తేమనూ పీలుస్తుంది, మెత్తబడుతుంది. ఫొటో పేపరు పూత కూడా అలాంటిదే. మెత్తబడిన రెండు ముఖాలను బరువు కలిపి నొక్కింది.

తప్పు బరువుది కాదు, నాది. సిరా ముఖాన్ని కిందికి తిప్పి వేళ్ళ నుంచి కాపాడాననుకున్నాను గాని, దాన్ని నేరుగా ఫొటోకు అప్పగించాను. నెమ్మదిగా విడదీస్తే షీటు బయటపడింది. ఫొటో పూత రెండు చోట్ల లేచిపోయింది. అది నకలు కాబట్టి మళ్ళీ ప్రింటు తీస్తే సరిపోయింది. అసలు ఫొటోనే పెట్టి ఉంటే ఆమెకు ఏం చెప్పేదాన్నో నాకు తెలియదు.

దిద్దుబాటుగా ఏడు పేజీలనూ తిరిగి విప్పాను. ఫొటోకూ షీటుకూ మధ్య ఫొటో చుట్టూ ఆమ్లరహిత కార్డుతో చట్రం పెట్టి, రెండూ తాకకుండా చేశాను. మొదటి చట్రం మిల్లీమీటరు మందం. దానితో ప్రతి అక్షరం నీడ ఫొటో మీద విడిగా పడి, రాత రెండుగా కనిపించింది. దాన్ని తీసేసి సుమారు 0.3 మిల్లీమీటర్ల మందమున్న ఒకే వరుస కార్డ్‌స్టాక్ పెట్టాను. వలయాలు పోయాయి, నీడ కంటికి ఆనదు. దాంతో పాటు ఫొటో నకళ్ళను నిగారింపు కాగితం మీద కాకుండా మ్యాట్ కాగితం మీద మళ్ళీ తీశాను. పుస్తకాల బరువుకు షీటు నడుమ కాస్త వంగి ఫొటోను తాకినా, గరుకు ముఖానికి అది అంటుకోదు. ఆల్బమ్‌ను నిలబెట్టి ఉంచమని కూడా చెప్పాను.

సిరా ఎంతకాలం నిలుస్తుందని ఆమె అడిగినప్పుడు నేను ఏళ్ళ లెక్క చెప్పలేదు. పని మొదలుపెట్టిన వారంలోనే ఒకే రాతను డై సిరాతోనూ (రంగు కరిగి ఉండేది), పిగ్మెంట్ సిరాతోనూ (కరగని రంగు రేణువులుండేది), టోనర్‌తోనూ మూడు పట్టీలుగా తీసి, సగం నల్లకాగితంతో కప్పి ఎండ పడే కిటికీకి అతికించాను. మూడు నెలలకు డై సిరా పట్టీలో కప్పని సగం ఎరుపు ఛాయను కోల్పోయి ఆకుపచ్చగా తేలింది; మిగతా రెంటిలో కప్పిన సగానికీ కప్పని సగానికీ తేడా నాకు కనిపించలేదు. ఉత్తరాలను పిగ్మెంట్ సిరాతోనే తీయడానికి ఈ పట్టీలే కారణం. ఆ పట్టీలనూ శుభ్రం చేసిన ఫైళ్ళనూ ఆమెకే ఇచ్చాను, షీటు ఎప్పుడైనా పాడైతే ఎవరిచేతనైనా మళ్ళీ తీయించుకోవచ్చు.

దిద్దిన ప్రతి పేజీ వెనకా పెన్సిల్‌తో మూడు ముక్కలు రాశాను: ప్రింటు తీసిన తేదీ, “సిరా ముఖం కిందికి”, “పై అంచు మాత్రమే అతికింది, మిగతా మూడు వైపులా లాగవద్దు”.